పాత మల్టీమీటరు: దోషనిర్ణయము, మరమ్మతు

కొలత లేనిదే భౌతికశాస్త్రము లేదు. కొలుచు సాధనము సరిగా లేనిచో ఆ కొలత ఉండియు లేనట్లే. అంగడిలోని తక్కెడ తప్పు చూపినచో నష్టము కొన్ని రూపాయలతో పోవును. విద్యుత్తును కొలుచు మీటరు తప్పు చూపినచో ప్రయోగము చెడును, రేడియో భాగములు కాలిపోవును, ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే ముప్పు వాటిల్లును.

కళాశాలల ప్రయోగశాలలలోను, రేడియో బాగుచేయు దుకాణములలోను, హామ్ రేడియో అభిరుచి గలవారి బల్లలమీదను ముల్లుతో పనిచేయు పాత మల్టీమీటర్లు నేటికిని కనిపించుచునే ఉన్నవి. వానిలో కొన్ని "చెడిపోయినది" అను చీటీ అంటించుకొని అలమారల అడుగున పడియుండును. ఆ చీటీ ఒక తీర్పు వంటిది. కాని విచారణ లేని తీర్పు న్యాయము కాదు. తెగిన తీగ, చిలుము పట్టిన స్విచ్చి, కారిపోయిన సెల్లు వంటి చిన్న కారణములకే మంచి పరికరములు మూలబడుట కలదు.

మరమ్మతు, తనిఖీ అను రెండు మాటలును అరబ్బీ మూలము గలవై, ఉర్దూ ద్వారా మన తెలుగు వాడుకలో స్థిరపడినవి. ఈ రెండింటిలో తనిఖీ ముందు, మరమ్మతు తరువాత. ఈ క్రమమును తలక్రిందులు చేసినవాడు బాగున్న భాగమును విప్పి పాడుచేయును. దోషమును వెదకు క్రమమును సులభముగా వివరించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

మల్టీమీటరు పుట్టుక

ఒకప్పుడు విద్యుత్ ప్రవాహమునకు ఒకటి, వోల్టేజికి ఒకటి, నిరోధమునకు మరియొకటి చొప్పున వేర్వేరు పరికరములను మోసికొని పోవలసి వచ్చెడిది. బ్రిటిష్ పోస్టాఫీసు ఇంజనీరైన డొనాల్డ్ మెకాడీ ఈ శ్రమకు విసిగి, మూడింటిని ఒకే పెట్టెలో ఇమిడ్చెను. ఆ పరికరము 1923లో వెలువడెను. ఆంపియరు, వోల్టు, ఓము అను మాటల ఆంగ్లరూపముల మొదటి అక్షరములను కూర్చి దానికి "ఆవో" అని పేరిడిరి. ఉర్దూ తెలిసిన విద్యార్థుల చెవికి ఈ పేరు "రండి" అని పిలిచినట్లు వినబడుట ఒక వినోదము. 1951లో వచ్చిన ఆవోమీటరు 8వ నమూనా కొలది మార్పులతో 2008 వరకు తయారగుచునే ఉండెను. లోపలి సూత్రము మాత్రము మారలేదు. కనుక ఒక పాత మీటరును అర్థము చేసికొన్న విద్యార్థికి తక్కినవన్నియు సులభముగా బోధపడును.

ఈ పరికరమునకు హామ్ రేడియోతో గల సంబంధము విడదీయరానిది. లాభాపేక్ష లేక, ప్రభుత్వ లైసెన్సు పొంది, స్వయముగా రేడియో ప్రసారము చేయువారిని హామ్‌లు అందురు. మన దేశమున ఈ అభిరుచి 1921లో కలకత్తాలో అమరేంద్ర చంద్ర గూప్తుతో ఆరంభమైనది. తెలుగునాట హైదరాబాదులో 1983లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఏర్పడినది. 2004 డిసెంబరులో ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ బృందము అండమానులో ప్రసారములు చేయుచుండగా, 26వ తేదీన సునామీ వచ్చినది. మామూలు వార్తాసౌకర్యములు దెబ్బతిన్న ఆ సమయమున వారి రేడియోలు క్షేమ సమాచారములను చేరవేసినవి. ఆపద ముందుగా చెప్పి రాదు. అట్టి వేళ రేడియో పలుకవలెనన్నచో దానిని సిద్ధముగా ఉంచుకొనవలెను. సిద్ధముగా ఉన్నదో లేదో చెప్పునది మల్టీమీటరే.

లోపల ఏమున్నది?

ముల్లు గల మల్టీమీటరు హృదయము చలించు తీగచుట్ట గాల్వనామీటరు. శాశ్వత అయస్కాంతము ధ్రువముల నడుమ సన్నని తీగచుట్ట రెండు మొనలమీద నిలిచి తిరుగుచుండును. వెంట్రుక వంటి స్ప్రింగులు ప్రవాహమును లోనికి తెచ్చుటయే గాక ముల్లును సున్నకు లాగుచుండును. చుట్టలో ప్రవాహము ఎంతయో ముల్లు కదలిక అంత.

ఉదాహరణకు 50 మైక్రో ఆంపియర్లకు ముల్లు స్కేలు కొసకు చేరునట్టి, 2,000 ఓముల నిరోధము గల చుట్టను తీసికొందము. దీనితో 10 వోల్టులు కొలువవలెనన్నచో మొత్తము నిరోధము 2,00,000 ఓములు కావలెను. చుట్టలో 2,000 పోగా 1,98,000 ఓములను శ్రేణిలో కలుపుదుము. 50 వోల్టుల రేంజికి దానితో మరి 8,00,000 ఓములు, 250 వోల్టుల రేంజికి మరి 40,00,000 ఓములు గొలుసువలె చేర్చుదుము. ఒక్కొక్క వోల్టునకు 20,000 ఓముల చొప్పున వచ్చుచున్నది గనుక ఇట్టి మీటరును "వోల్టుకు 20,000 ఓముల మీటరు" అందురు. ప్రవాహమును కొలుచుటకు చుట్టకు సమాంతరముగా షంటు నిరోధమును కలుపుదురు. ఓములను కొలుచుటకు లోపల ఒక సెల్లు, ఏ.సి.ని కొలుచుటకు రెక్టిఫయరు ఉండును. అన్నిటికిని చుట్ట ఒక్కటే. ఈ విషయమే దోషనిర్ణయమునకు తాళపుచెవి.

దోషము మీటరుదేనా?

మీటరును శంకించుటకు ముందు కొలుచు పద్ధతిని పరీక్షింపవలెను. 10 వోల్టుల సరఫరాకు లక్ష ఓముల నిరోధములు రెండింటిని శ్రేణిలో కలిపినచో, ఒక్కొక్కదాని వద్ద 5 వోల్టులు ఉండవలెను. పై మీటరును 10 వోల్టుల రేంజిలో ఉంచి ఒక నిరోధమునకు ఆనించినచో 4 వోల్టులే చూపును. వోల్టుకు 1,000 ఓముల చవుక మీటరైనచో 0.83 వోల్టు మాత్రమే చూపును. 10 మెగా ఓముల అంతర్నిరోధము గల డిజిటల్ మీటరు 4.98 వోల్టులు చూపును. ఈ మూడింటిలో ఏదియు చెడినది కాదు. వలయమునుండి తాను తీసికొన్న ప్రవాహమునుబట్టి ఒక్కొక్కటి వలయమును ఒక్కొక్క విధముగా మార్చినది, మారిన వలయమునే కొలిచినది.

రేంజి ఎంపికయు ముఖ్యమే. ముల్లు మీటర్లకు ఖచ్చితత్వమును సాధారణముగా పూర్తి స్కేలులో శాతముగా చెప్పుదురు. 3 శాతము మీటరు 250 వోల్టుల రేంజిలో 7.5 వోల్టుల వరకు తప్పు చూపవచ్చును. అట్టి రేంజిలో 9 వోల్టుల బ్యాటరీని కొలిచి మీటరును నిందించుట తగదు. ముల్లు స్కేలు చివరి సగములో నిలుచునట్లు రేంజిని ఎంచుకొని, అద్దమున్నచో ముల్లును దాని ప్రతిబింబముతో కలిపి చూచి, అంకెను చదువవలెను.

పెట్టె తెరువక ముందు

పద్ధతి సరిగా ఉండియు అనుమానము మిగిలినప్పుడు వెలుపలినుండి లోపలికి పోవలెను. మరలు విప్పుట చిట్టచివరి పని.

మొదట ముల్లు. మీటరును దేనికిని కలుపక బల్లమీద పరుండబెట్టి ముల్లు సున్నపై ఉన్నదో లేదో చూడవలెను. లేనిచో ముఖముపై గల మరతో మెల్లగా సరిచేయవలెను. పిదప మీటరును నిలువుగా, ప్రక్కకు త్రిప్పి చూడవలెను. ముల్లు చాల దూరము జరిగినచో తులాభారము చెడినదని గ్రహింపవలెను. అట్టి మీటరును ఎప్పుడును ఒకే భంగిమలో వాడుకొనుట క్షేమము.

రెండవది టెస్టు తీగలు. ఎక్కువగా వంగు చోట, అనగా పిన్ను వద్దను ప్రోబు వద్దను, తొడుగు చెడకుండ లోపలి రాగి తెగును. మీటరును ఓముల రేంజిలో ఉంచి, రెండు ప్రోబులను కలిపిపట్టి, తీగను అంగుళమంగుళము వంచి చూచినచో తెగిన చోట ముల్లు ఎగిరిపడును.

మూడవది సెల్లు, ఫ్యూజు. ప్రోబులు కలిపినప్పుడు ముల్లు ఓముల సున్నకు రానిచో ముందుగా సెల్లును మార్చవలెను. క్రొత్త సెల్లుతోను రానిచో సెల్లు కూర్చుండు రేకులపై చిలుము ఉండవచ్చును. ఆల్కలైన్ సెల్లు కారినచో ఆ తెల్లని పొడి క్షారము గనుక, వెనిగరు చుక్కలో తడిపిన దూదితో తుడువవలెను. సాధారణ జింకు సెల్లు కారినచో అది ఆమ్లస్వభావము గలది గనుక వంటసోడా నీటితో తుడువవలెను. రెండు సందర్భములలోను తడిబట్టతో మరల తుడిచి పూర్తిగా ఆరనీయవలెను. కొన్ని పాత మీటర్లకు 15 వోల్టుల బ్యాటరీ కావలెను. అది అంగడిలో దొరకనిచో 3 వోల్టుల లిథియం నాణెపు సెల్లులు అయిదింటిని శ్రేణిలో పేర్చి వాడవచ్చును.

ఏ రేంజి చెడినదో చూచి ఏ భాగము చెడినదో చెప్పుట

ఇచట పెన్సిలు, కాగితము స్క్రూడ్రైవరుకంటె ఎక్కువ ఉపకరించును. నమ్మదగిన డిజిటల్ మీటరును పాత మీటరుకు సమాంతరముగా కలిపి, ఒకే వోల్టేజిని రెండింటితోను కొలిచి, ప్రతి రేంజికిని ఒక వరుస చొప్పున పట్టిక వ్రాయవలెను. ప్రవాహమును పోల్చునప్పుడు రెండింటిని శ్రేణిలో కలుపవలెను. పట్టిక పూర్తియైన పిదప దోషము తనంతట తానే మాటలాడును.

10, 50 వోల్టుల రేంజిలు పనిచేయుచు 250 మొదలు పై రేంజిలన్నియు నిర్జీవమైనచో గొలుసులోని 40 లక్షల ఓముల నిరోధము తెగినదని అర్థము. 10 వోల్టుల వద్ద 9.1 వోల్టులే చూపి, 50 వద్ద 49, 250 వద్ద 249 చూపినచో చుట్ట బాగున్నది, మొదటి 1,98,000 ఓముల నిరోధము విలువ సుమారు పది శాతము పెరిగినది. పై రేంజిలకు పోయినకొలది మొత్తము నిరోధములో దాని భాగము తగ్గును గనుక తప్పును తగ్గును. పాత కార్బను నిరోధములు వేడికిని తేమకును గురియై కాలక్రమమున విలువ పెరుగుట సామాన్యము. అట్లుగాక డి.సి. రేంజిలన్నిటిలోను ఒకే శాతము తగ్గుదల కనిపించినచో చుట్టనో, అయస్కాంతమునో అనుమానింపవలెను.

డి.సి. అంతయు బాగుండి ఏ.సి. మాత్రము సుమారు సగమే చూపినచో వంతెన రెక్టిఫయరులోని ఒక డయోడు తెగి, పూర్తి తరంగమునకు బదులు అర్ధతరంగమే చుట్టకు చేరుచున్నదని ఊహింపవచ్చును. వోల్టులు బాగుండి ఒక ప్రవాహ రేంజి మాత్రము చెడినచో, ఎవరో ఆ రేంజిలో ఉంచి వోల్టేజికి ఆనించుటచే షంటు కాలియుండవచ్చును. స్విచ్చిని త్రిప్పినప్పుడెల్ల అంకె మారుచున్నచో దోషము స్విచ్చి పలకలదే.

అన్ని రేంజిలును నిర్జీవమైనచో చుట్ట తెగినదేమో చూడవలెను. ఇచట ఒక హెచ్చరిక. మరియొక మల్టీమీటరు ఓముల రేంజితో చుట్టను నేరుగా పరీక్షింపరాదు. దానినుండి వచ్చు ప్రవాహము సున్నితమైన చుట్టను కాల్చవచ్చును, ముల్లును వంచవచ్చును. 1.5 వోల్టుల సెల్లునకు లక్ష ఓముల నిరోధమును శ్రేణిలో ఉంచి చుట్టకు తాకించవలెను. సుమారు 15 మైక్రో ఆంపియర్లు ప్రవహించి ముల్లు స్కేలులో మూడవవంతుకు కొంచెము తక్కువగా లేచినచో చుట్ట సజీవము.

మరమ్మతు

కారణము తెలిసిన పిదప పని కొంచెమే. చెడిన నిరోధమునకు బదులు 1 శాతము లోహపు పొర నిరోధములను వాడవలెను. 1,98,000 ఓములు ఒకటిగా దొరకనిచో 1,80,000, 18,000 ఓములను శ్రేణిలో కలుపవచ్చును. 8,00,000 కు 6,20,000, 1,80,000 సరిపోవును. 40 లక్షలకు 20 లక్షలవి రెండు చాలును. పావు వాటు నిరోధము సాధారణముగా సుమారు 250 వోల్టుల వరకే తట్టుకొనును గనుక, పై రేంజిలలో ఒకదానికి బదులు అనేకములను శ్రేణిలో ఉంచుట అవసరము. రోజిను గల సోల్డరునే వాడవలెను. ఆమ్లపు ఫ్లక్సు తీగలను తినివేయును. స్విచ్చి పలకలను ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన బట్టతో తుడువవలెను. ఉప్పుకాగితముతో రుద్దినచో పైనున్న వెండిపూత పోవును. నూనె వేసినచో దుమ్ము చేరును. అయస్కాంతమును మాత్రము ఊడదీయరాదు. ధ్రువముల నడుమ నుండి ఇనుప భాగమును తొలగించినచో పాత అయస్కాంతములు శక్తి కోల్పోవుట కలదు.

ఒకసారి ఒక్క మార్పే చేయవలెను. మార్పు చేసిన వెంటనే పట్టికను మరల వ్రాయవలెను. రెండు మార్పులు ఒకేసారి చేసినచో ఏది మందు, ఏది పథ్యము అను వివేకము నశించును.

మన సీమ వాతావరణము

అనంతపురము పీఠభూమి వర్షచ్ఛాయా ప్రాంతము. సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే పడును. ఎండయు, ధూళియు, పొడిగాలియు ఇచటి పరికరములకు నిత్యపరీక్షలు. ఇనుప రజను గల ధూళి మీటరు లోనికి చేరినచో అయస్కాంతము దానిని ఆకర్షించును. చుట్ట తిరుగు సందులో అది చిక్కి ముల్లు ఒక చోట ఆగును. అందుచే మీటరును తెరచు బల్లమీద ఆకురాయి పని చేయరాదు. పేర్చిన వార్తాపత్రికలకంటె శుభ్రమైన తెల్లకాగితము మేలు.

పొడిగాలి వలన మరియొక చిత్రము జరుగును. ప్లాస్టిక్ ముఖమును పొడిబట్టతో రుద్దినచో స్థిరవిద్యుత్తు పుట్టి, ఏమియు కలుపకున్నను ముల్లు ప్రక్కకు లాగబడి నిలుచును. దీనిని దోషముగా భ్రమించి పెట్టెను విప్పువారు కలరు. సబ్బునీటి చుక్క వేసిన తడిబట్టతో ముఖమును తేలికగా తుడిచినచో ముల్లు తన చోటికి వచ్చును. వేసవిసెలవులకు పూర్వము సెల్లులను తీసివేయుట, మీటరును గుడ్డసంచిలో ఉంచి అలమారలో భద్రపరచుట మరువరాదు.

ప్రాణరక్షణ

బాగుపడిన పాత మీటరు ప్రయోగశాల బల్లకు, బ్యాటరీ వలయములకు, రేడియో సెట్లకు చక్కగా పనికివచ్చును. కాని మన పొలములలోని బోరుబావి స్టార్టరు పెట్టె వద్దకు దానిని కొనిపోరాదు. అచట 415 వోల్టుల మూడు ఫేజుల సరఫరా ఉండును. పొరపాటున షార్టు అయినచో వచ్చు మంటను ఆపునట్టి ఫ్యూజులు, బలమైన తొడుగులు పాత మీటర్లలో అనేకమునకు లేవు. అట్టి పనికి తగిన రక్షణ కేటగిరీ ముద్రించిన నేటి మీటరును, అర్హుడైన ఎలక్ట్రీషియనును ఆశ్రయింపవలెను.

ఏ మీటరైనను ఒక నియమము పాటింపవలెను. సరఫరా ఉన్నదో లేదో చూచుటకు ముందు, తప్పక సరఫరా ఉన్నదని తెలిసిన చోట మీటరును పరీక్షింపవలెను. తరువాత అనుమానమున్న చోట కొలువవలెను. పిదప మరల మొదటి చోటనే పరీక్షింపవలెను. ఏలయన విద్యుత్తు లేని తీగ వద్ద మంచి మీటరు చూపు సున్నయు, విద్యుత్తు ఉన్న తీగ వద్ద చచ్చిన మీటరు చూపు సున్నయు చూచుటకు ఒక్కటే. మొదటి సున్న అభయము, రెండవది మృత్యువు. ఈ రెంటిని వేరు చేయునది ఆ మూడు మెట్ల తనిఖీ ఒక్కటే. అట్లే వాల్వు రేడియోలలో స్విచ్చి తీసిన పిదపను కెపాసిటరులు వందల వోల్టులను దాచియుంచగలవు. వానిని తగిన నిరోధము ద్వారా ఖాళీచేసి, సున్న అయినట్లు కొలిచిన పిమ్మటనే చేయి పెట్టవలెను.

విద్యార్థులకు, కళాశాల కమిటీకి

విద్యార్థి మిత్రులారా! క్రొత్త డిజిటల్ మీటరు అంకెను ఇచ్చును. పాత ముల్లు మీటరు ఆ అంకె ఎట్లు వచ్చినదో చూపును. గాల్వనామీటరును వోల్టుమీటరుగా మార్చుటను గూర్చి పరీక్షలో వ్రాయు సమాధానమునకు ప్రాణము పోయదలచినచో ఒక చెడిన మీటరును ఎదుట ఉంచుకొని ఆ లెక్కను సరిచూడుడు.

కమిటీ పెద్దలకు మనవి యేమనగా, ప్రయోగశాలలోని ప్రతి మీటరుకును ఒక చిన్న అట్ట కట్టించి, ఏడాదికి రెండుమారులు, అనగా కళాశాల తెరచినప్పుడును సంవత్సరాంత పరీక్షలకు ముందును, ప్రతి రేంజిలోని తప్పును దానిపై వ్రాయించవలెను. ఒక నమ్మదగిన డిజిటల్ మీటరు, ఒక సోల్డరింగు ఐరను, కొన్ని 1 శాతము నిరోధములు, ఒక నోటుపుస్తకము ఉన్నచో మరమ్మతు బల్ల సిద్ధమగును. బాగుపడనివానిని పారవేయక, తెరచి చూపు నమూనాలుగా ఉంచవచ్చును. అప్పుడు "చెడిపోయినది" అను చీటీకి బదులు "10 వోల్టుల వద్ద 9.1 చూపును, మొదటి నిరోధము మార్చవలెను" అను చీటీ ఆ మీటరుపై కనిపించును. రాబోవు తరగతి విద్యార్థి ఆ చీటీని చదివి, ఏ మర ముందు విప్పవలెనో తెలిసికొని పని మొదలిడును.